కిట్టు సరిగ్గా తీయలేదట!

వార్డులో పనిచేసే నర్సుకో, డాక్టరుకో, ఆయమ్మకో రోగి జబ్బే అంటుకుందని తెలియగానే ఆసుపత్రి వరండాల్లో ముందుగా పుట్టే మాట ఒకటుంది. "కిట్టు సరిగ్గా తీసి ఉండదు." అన్నవాళ్లకు దురుద్దేశం ఉండనక్కర్లేదు. తోటి సిస్టర్లే అంటారు. ఒక్కోసారి జబ్బు పడ్డ మనిషే మంచం మీద పడుకుని తనను తాను తిట్టుకుంటూ అంటుంది. అదే మాట పైఅధికారి నోట పడేసరికి నిర్లక్ష్యం అవుతుంది, కాగితమెక్కేసరికి మెమో అవుతుంది. విచారణ అక్కడితో సరి. కిట్టు మంచిదే, గోడ మీద బొమ్మల పోస్టరుంది, శిక్షణ రిజిస్టరులో సంతకముంది. ఇక మిగిలిన తప్పు ఆ మనిషి చేతులది కాక ఎవరిది?

నా పేచీ ఈ ప్రశ్నతోనే. రోగి దగ్గర్నుంచి వచ్చాక కిట్టు, అంటే గ్లౌజులు, గౌను, మాస్కు, తీయడం చొక్కా బొత్తాలు విప్పినంత సులువనీ, దానికి కాస్త జాగ్రత్త ఉంటే చాలనీ నమ్మేవాళ్లే ఈ ప్రశ్న అడుగుతారు. చెప్పిన పద్ధతిని అక్షరాలా పాటించినవాళ్లకూ మురికి అంటుతుందని ప్రయోగాల్లో తేలి చాలా ఏళ్లయింది. లోపం పద్ధతిలో ఉంది, గౌను కుట్టులో ఉంది, తీసే గదిలో ఉంది, డ్యూటీ వేళల్లో ఉంది. వాటన్నిటినీ వదిలేసి ఒక నర్సు మణికట్టును పట్టుకోవడం అన్యాయం. పైగా ఆ నర్సు తర్వాత చూడబోయే రోగికి ప్రమాదం.

2014 అక్టోబరులో మాడ్రిడ్‌లో ఏం జరిగిందో చూడండి. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా సోకితే స్వదేశానికి తెచ్చిన ఒక మతగురువుకు అక్కడి కార్లోస్ తృతీయ ఆసుపత్రిలో వైద్యం చేశారు. ఆయన బతకలేదు. సేవ చేసిన బృందంలోని ఒక నర్సింగ్ సహాయకురాలికి జబ్బు అంటుకుంది. ఆ విజృంభణలో ఆఫ్రికా బయట ఒకరి నుంచి ఒకరికి సోకిన మొదటి కేసు ఆమెదే. సూటు తీసేటప్పుడు గ్లౌజు ముఖానికి తగిలి ఉండొచ్చని ఆమె అన్నట్టు బయటికొచ్చింది. ఇంకేముంది, మాడ్రిడ్ ప్రాంతీయ ప్రభుత్వంలో ఆరోగ్య శాఖ చూసే పెద్దమనిషి అందుకున్నాడు. సూటు వేసుకోవడం, తీయడం చెప్పడానికి మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదని ఎద్దేవా చేశాడు. అప్పటికి ఆమె ఐసోలేషన్ గదిలో చావుబతుకుల మధ్య ఉంది. ఆమె కోలుకుంది. ఆ డిసెంబరులో ఆయన కుర్చీ పోయింది. కుర్చీ పోయినా మాట చావలేదు, మన దగ్గరా రోజూ వినపడుతూనే ఉంది, స్పానిష్‌లో కాకపోతే తెలుగులో.

అదే నెలలో అమెరికాలోని డల్లాస్‌లో ఇంకో అధ్యాయం నడిచింది. లైబీరియా నుంచి వచ్చిన ఎబోలా రోగి అక్టోబరు 8న చనిపోయాడు. అతన్ని చూసుకున్న నర్సుల్లో ఇద్దరికి జబ్బు తేలింది. మొదటి నర్సు సంగతి బయటపడ్డ 12వ తేదీనే దేశానికంతటికీ అంటురోగాల పెద్దదిక్కయిన సీడీసీ డైరెక్టర్ టామ్ ఫ్రీడెన్ నియమోల్లంఘన జరిగిందని ప్రకటించాడు. ఉల్లంఘన ఏమిటో అప్పటికి ఆయనకూ తెలియదు. నర్సులు భగ్గుమన్నారు. తప్పు ఆమె మీదికి నెట్టినట్టు వినిపించి ఉంటే విచారిస్తున్నానని ఆయన మర్నాడు సర్దుకోవలసి వచ్చింది. ఆ ఇద్దరికీ ఏ క్షణంలో అంటుకుందో ఈనాటికీ ఎవరూ ఇదమిత్థంగా తేల్చలేదు. ఈలోగా నర్సుల సంఘం నుంచి వేరే కథ వచ్చింది. ఇచ్చిన గౌన్లు మెడను కప్పలేదని, మెడకు టేపు చుట్టుకోమన్నారని.

ఆ టేపు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చుట్టుకోవడానికి టేపు బాగానే పనికొస్తుంది. డ్యూటీ అయ్యాక పీకాలి కదా? పీకేటప్పుడు వేళ్లు దవడ కిందుంటాయి, నోటికి బెత్తెడు దూరంలో. అంటుకుపోయిన టేపు కొస దొరకక గోరుతో గీకాలి. గీకితే చర్మం దోక్కుపోతుంది. చెమట మీద అంటిన టేపు ఒక్కసారిగా ఊడొస్తే చెయ్యి ఎగిరి ఎక్కడ తగులుతుందో బ్రహ్మకైనా తెలియదు. ఆ సలహా ఇచ్చిన మనిషి వేసుకోవడం గురించి ఆలోచించాడు, తీయడం గురించి ఆలోచించలేదు.

అక్టోబరు 20న సీడీసీ తన నియమావళిని మార్చింది. చర్మం ఎక్కడా బయటికి కనిపించకూడదంది. వేసుకోవడం, తీయడం చేయి తిరిగేదాకా సాధన చేయించాలంది. తీసేటప్పుడు ప్రతిసారీ శిక్షణ పొందిన మనిషి ఒకరు ఎదురుగా నిలబడి చూడాలంది. తప్పు నర్సులదే అయితే నియమాలు మార్చడం ఎందుకు? ఉన్నవాటినే పాటించమంటే సరిపోయేది. మార్చారంటేనే పాతవి చాలవని ఒప్పుకున్నట్టు. కాకపోతే నిందించిన మాట పత్రికల మొదటి పేజీలకెక్కింది, ఒప్పుకోలు మాత్రం నియమావళి లోపలి పేరాల్లో ఉండిపోయింది.

డల్లాస్ నర్సుల్లో ఒకరిని చికిత్సకు అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ ఆసుపత్రికి తరలించారు. 2014లో ఆ ఆసుపత్రి నలుగురు ఎబోలా రోగులను చూసింది. సిబ్బందిలో ఒక్కరికీ సోకలేదు. దేశం అదే, జబ్బు అదే, నర్సింగ్ చదువూ అదే. ఎమరీ నర్సులకు చేతికి ఆరేసి వేళ్లేం లేవు. ఆ వార్డును 2002లోనే ఏర్పాటు చేసుకున్నారు. ఎబోలా రోగి రాకముందు పన్నెండేళ్లపాటు, దాదాపు ఎవరూ రాని వార్డు కోసం సాధన చేస్తూ కూర్చున్నారు. తీసే చోటు వేరు, తీయించే మనిషి వేరు, వరస చదివే గొంతు వేరు. డల్లాస్‌కు ఆ అవకాశం రోగి గుమ్మంలోకి వచ్చాక దొరికింది. జాగ్రత్త అనే గుణం అట్లాంటాలో పండి డల్లాస్‌లో ఎండిపోయిందని చెప్పేవాళ్లతో నేను వాదించలేను.

ఇక లెక్కల సంగతి. ఒహాయో రాష్ట్రంలోని నాలుగు ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన 2015లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. సిబ్బంది గ్లౌజుల మీద, గౌన్ల మీద నల్లదీపం (అతినీలలోహిత దీపం) వెలుగులో మెరిసే లోషన్ పూసి, రోజూ తీసినట్టే తీయమన్నారు. తర్వాత దీపం వేసి చూశారు. 435 సార్లు తీస్తే 200 సార్లు, అంటే 46 శాతం, ఒంటికో లోపలి బట్టలకో లోషన్ అంటింది. గౌను తీసినప్పటికంటే గ్లౌజులు తీసినప్పుడే ఎక్కువ: గౌనుకు 38 శాతం దాకా ఉంటే గ్లౌజులకు 53 దాకా. ఏ పనైతే రోజుకు ఎన్నిసార్లు చేస్తామో లెక్కే ఉండదో, ఏ పనిని నేర్పవలసిన పనిగా ఎవరూ అనుకోరో, అక్కడే ఎక్కువ అంటింది.

నిర్లక్ష్యవాదులు ఈ పరిశోధనలోంచి తమకు కావలసిన ముక్క ఏరుకుంటారని నాకు తెలుసు. పద్ధతి తప్పినవాళ్లకు 70 శాతం, పద్ధతి ప్రకారం తీసినవాళ్లకు 30 శాతం అంటింది. చూశారా, పద్ధతి పాటిస్తే సగానికి పైగా తగ్గింది కదా అంటారు. తగ్గింది, కాదనను. ఆ 30 సంగతేమిటి మరి? పద్ధతి ప్రకారం తీసిన ప్రతి పదిసార్లలో మూడుసార్లు అంటింది. వాళ్లేం నిర్లక్ష్యం చేశారు? ఇచ్చిన మెట్లన్నీ ఎక్కినా మూడోవంతు దాకా జారిపడుతుంటే ఆ మెట్లు కట్టినవాణ్ణి పిలవాలా, ఎక్కినవాణ్ణా? 2008లోనే అమెరికాలో ఇంకో బృందం మనిషికి హాని చేయని ఒక వైరస్‌ను కిట్ల మీద వేసి, సీడీసీ చెప్పిన వరసలోనే తీయించి చూసింది. చేతుల మీద, లోపలి బట్టల మీద ఆ వైరస్ దొరికింది. అంటే డల్లాస్‌కు ఆరేళ్ల ముందే సంగతి తెలుసు.

ఒహాయో పరిశోధనలో రెండో సగం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. ఒక ఆసుపత్రిలో సిబ్బందికి వీడియో చూపి, చేయించి, నల్లదీపం వేసి ఎక్కడ అంటిందో వాళ్ల కళ్లకే అక్కడికక్కడ చూపించారు. అంతకుముందు 60 శాతం ఉన్న అంటు 19 శాతానికి దిగింది. మూడు నెలల తర్వాత చూసినా మళ్లీ పెరగలేదు. మెమో ఇచ్చి 60ని 19కి దించిన ఆసుపత్రి ఈ భూమ్మీద ఉందా? ఉంటే చెప్పండి, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

గ్లౌజు తీయడంలో ఇంత విద్య ఏముందని అడిగేవాళ్ల కోసం కొంచెం దగ్గరికి వెళ్దాం. కుడిచేతి గ్లౌజుతో ఎడమచేతి గ్లౌజును అరచేతి వైపు, మణికట్టు దగ్గర పైనుంచి చిటికెడు పట్టుకుని లోపలిది బయటికొచ్చేలా ఒలవాలి. ఒలిచినదాన్ని కుడి గుప్పిట్లోనే ఉంచుకోవాలి. ఇక్కడిదాకా మురికి మురికినే తాకింది, భయం లేదు. ఇప్పుడు ఎడమచెయ్యి ఖాళీది. దాని వేలిని కుడి గ్లౌజు అంచు కిందికి, చర్మానికీ రబ్బరుకూ మధ్యకు దూర్చాలి. అసలు కథంతా ఆ అర అంగుళంలో ఉంది. ఆరుగంటల చెమటకు గ్లౌజు చర్మానికి అతుక్కుని ఉంటుంది. అంచు చుట్టలు చుట్టుకుని పోయుంటుంది. సైజు చిన్నదైతే వేలు దూరదు, పెద్దదైతే అంచు ముందే జారి ఉంటుంది. వేలు పట్టు తప్పిందా, రబ్బరు టప్పున కొట్టుకుంటుంది, తుంపర లేస్తుంది. ఆ తుంపర కంటికి కనపడదు. కనపడనిదాన్ని కనిపెట్టుకోలేదని ఆమె మీద నేరం.

గౌను ఇంకా తమాషా. ముడులు వీపు వెనక, మెడ వెనక. మనిషి తన మెడ వెనక తాను చూసుకోగలడా? జడ ఉన్నవాళ్లకు ముడి జుట్టులో చిక్కుకుంటుంది. లాగితే తెగే గౌనుకు, విప్పితే గానీ రాని గౌనుకు ధరలో తేడా ఎంతో టెండరు వేసిన గుమాస్తాకు తెలుసు, ఒంటికి అంటుకునే అవకాశంలో తేడా ఎంతో ఆయన్ని ఎవరూ అడగరు. పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్ష చెప్పినవి కొన్నున్నాయి: మాస్కుకు, గ్లౌజుకు పట్టుకుని లాగడానికి చిన్న పట్టీ ఉంటే అంటు తగ్గుతుంది, గౌనూ గ్లౌజూ కలిపి ఒకే ఊపులో తీస్తే తగ్గుతుంది, పక్కన ఒకరు మెట్టుమెట్టూ పైకి చెబుతుంటే తప్పులు తగ్గుతాయి, కాగితాలిచ్చి చదువుకోమనేకంటే ఎదురుగా నిలబడి నేర్పితే మేలు. ఆధారాలు ఇంకా బలంగా లేవని ఆ సమీక్షే నిజాయితీగా చెప్పింది. సరే, బలహీనమైన ఆధారాలే అనుకుందాం. నిర్లక్ష్యమే కారణమన్న వాదానికి ఆ పాటి ఆధారమైనా ఉందా?

2020 వేసవి మనకు బాగా గుర్తుంది. ఆ ఏడాది మొదట్లో మన దేశంలో ఒళ్లంతా కప్పే కవరాల్ సూట్ల తయారీ దాదాపు లేనట్టే. మే నెలకు రోజుకు రెండు లక్షలు తయారవుతున్నాయని ప్రభుత్వం చెప్పింది. నిజంగా గొప్ప సంగతే, తక్కువ చేయను. కోయంబత్తూరులోని జౌళి పరిశోధన సంస్థ సిట్రా ప్రయోగశాలలో కృత్రిమ రక్తం పోసి గుడ్డలోంచి, కుట్టులోంచి కారుతుందేమో పరీక్షించారు. గుడ్డ ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు) అన్నది టీవీ చర్చల్లో కూడా నానింది. పరీక్షంతా గుడ్డ గురించి, కుట్టు గురించి. ఆ సూటులోంచి మనిషి ఎలా బయటికొస్తుందన్నది ఎవరి పరీక్షలోనూ లేదు. వార్డుల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల చేతికొచ్చింది ఫ్రీ సైజు. అయిదడుగుల మనిషికి ఆరడుగుల మనిషి సూటు. చేతులు మడిచి టేపు, కాళ్లు మడిచి టేపు, నడుం దగ్గర ఇంకో టేపు. డల్లాస్ మెడ టేపు మనకు ఒళ్లంతా వచ్చింది.

ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఆ రోజుల్లో నేను చూసిన డాఫింగ్ రూమ్, అంటే కిట్లు తీసే గది, అంతకుముందు స్టోరు. కిటికీ లేదు. రెండు డ్రమ్ములు, వాటికి కాలితో తొక్కి తెరిచే మూతల్లేవు, అంటే మూత చేత్తో తీయాలి. అద్దం లేదు. కూర్చోవడానికి ఒకే ప్లాస్టిక్ కుర్చీ, సూటుతో కూర్చునేవాళ్లకూ అదే, సూటు తీసేసినవాళ్లకూ అదే. షిఫ్టు మారే వేళ ఆరేడుగురు ఒకేసారి లోపల. షూ కవరు దగ్గర సూటు ఇరుక్కుపోయి ఒక సిస్టర్ గోడకు చెయ్యి ఆనించి ఒంటికాలి మీద గెంతుతోంది. అదే గోడ మీద రంగుల పోస్టరు, పన్నెండు బొమ్మలతో. ఆమె చెయ్యి ఆనించింది ఆ పోస్టరు మీదే, పక్కన వేరే ఖాళీ లేదు. ఆరు గంటలపాటు మంచినీళ్లు తాగకుండా, బాత్రూముకు వెళ్లకుండా, ఏసీలు ఆపేసిన వార్డులో నిలబడి వచ్చిన మనిషి ఆమె. కళ్లద్దాలు ఆవిరి పట్టి ఎదుటి బొమ్మ కనిపించదు. అంతమంది ఆ గాలాడని గదిలో ఒకరి పక్కన ఒకరు మాస్కులు దించుతున్నారు.

ఆ జూన్‌లోనే కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఒక అఫిడవిట్ ఇచ్చింది. కోవిడ్ డ్యూటీ చేసిన సిబ్బందికి పద్నాలుగు రోజుల క్వారంటైన్ తప్పనిసరి కాదన్న తన ఉత్తర్వును సమర్థించుకుంటూ, ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీలున్నా తమను తాము కాపాడుకునే తుది బాధ్యత, తగిన శిక్షణ పొందే బాధ్యత సిబ్బందిదేనని అందులో చెప్పింది. నేను ఖండిస్తున్న వాదానికి ఇంతకంటే అధికారికమైన రూపం దొరకదు. శిక్షణ ఎవరు ఇవ్వాలన్న ప్రశ్నను శిక్షణ పొందవలసిన మనిషికే తిప్పికొట్టారు. కిటికీ లేని స్టోరుకు కిటికీ పెట్టుకునే బాధ్యత కూడా స్టాఫ్ నర్సుదేనా? ఫ్రీ సైజు సూటును తన కొలతకు కుట్టించుకునే బాధ్యత? డబ్బు లేక కాదు. అదే కాలంలో మార్కెట్ల ముందు, ఆఫీసుల ముందు మనుషుల మీద మందు చల్లే సొరంగాలు వెలిశాయి. అలా మనుషుల మీద చల్లొద్దని ఆరోగ్య మంత్రిత్వ శాఖే ఏప్రిల్ 18న చెప్పవలసి వచ్చింది. చల్లడానికి డబ్బులు దొరికాయి, తొక్కితే తెరుచుకునే చెత్తడబ్బాకు దొరకలేదు.

కోవిడ్ ప్రధానంగా గాలిలో వ్యాపించే జబ్బని తేలింది కదా, చేతికి అంటిందా గౌనుకు అంటిందా అన్న గొడవ ఇంకా ఎందుకని కొందరు డాక్టర్లే అంటున్నారు. వాదన వినడానికి బాగుంది. కానీ మాస్కు తీసే క్షణం గాలికి సంబంధించినదే. అందుకే ఎన్95 మాస్కును రోగి గదిలోంచి బయటికొచ్చి తలుపు మూశాక, అన్నిటికంటే చివర తీయమంటారు. పైగా ఆసుపత్రిలో ఉండేది కోవిడ్ ఒక్కటేనా? మన ఐసీయూలను పీడిస్తున్నవి మందులకు లొంగని క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్. అవి చేతుల మీద, గౌన్ల మీద ప్రయాణం చేస్తాయి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఐసీయూ సిబ్బంది రోగుల దగ్గరికి వెళ్లి వచ్చిన 585 సందర్భాలను పరీక్షిస్తే, రమారమి అయిదింట ఒకసారి గ్లౌజుకో గౌనుకో మొండి క్రిమి అంటి ఉంది. ఎసినెటోబాక్టర్ ఉన్న రోగి దగ్గరైతే మూడింట ఒకసారి. ఆ గౌను తీసేటప్పుడు చేతికంటితే జబ్బు పడేది ఆ నర్సు కాదు, పక్క మంచం మీది పసిబిడ్డ. ఆ బిడ్డకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏ మెమోలోనూ తేలదు. సిబ్బంది జబ్బు పడితేనే తీయడం గుర్తొచ్చే ఆసుపత్రికి ఈ లెక్క ఎప్పటికీ అందదు.

అసలు వాదన ఇంకొకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయను. తప్పు పట్టడం మానేస్తే క్రమశిక్షణ ఏమవుతుందంటారు సూపరింటెండెంట్లు. కావాలని గ్లౌజు వేసుకోని మనిషి, ఒకే గ్లౌజుతో నాలుగు మంచాలు తిరిగే మనిషి ఉన్న మాట నిజం. వాళ్లను అడగాల్సిందే. అయితే క్రమశిక్షణ అంటే ఏమిటో నేర్చుకోవడానికి సూపరింటెండెంట్ గారు దూరం వెళ్లనక్కర్లేదు, తన ఆపరేషన్ థియేటరుకు వెళ్తే చాలు. పొట్ట మూసేముందు నర్సు మాపులు లెక్కపెడుతుంది, సూదులు లెక్కపెడుతుంది, "కౌంట్ కరెక్ట్ సార్" అంటుంది. అనేదాకా ఎంత పేరున్న సర్జనైనా కుట్టు వేయడు. ముప్ఫయ్యేళ్ల అనుభవం ఉన్న నన్ను నువ్వు లెక్క అడుగుతావా అని ఎవరూ కోప్పడరు. ఎంత జాగ్రత్తపరుడైనా మరిచిపోతాడని ఒప్పుకుని కట్టిన ఏర్పాటది. అలాంటి రెండో మనిషి డాఫింగ్ గదిలో ఎందుకు ఉండడు? పొట్టలో మిగిలిన మాపు ఎక్స్‌రేలో కనిపించి కోర్టుకు లాగుతుంది. మణికట్టు మీది క్రిమి ఏ కోర్టుకూ రాదు. నాకు కనిపించే తేడా అంతే.

డబ్బు లేదంటారు. 2014లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో ఎమ్మెస్సెఫ్ (సరిహద్దులు లేని వైద్యుల సంస్థ) వైద్యులు గుడారాల్లో ఆసుపత్రులు నడిపారు. ఒకరు సూటు తీస్తుంటే ఎదురుగా ఇంకొకరు 0.5 శాతం క్లోరిన్ నీళ్ల పంపుతో నిలబడి, ఇప్పుడు చేతులు కడుక్కో, ఇప్పుడు తలకప్పు వెనక్కి తియ్యి అని ఒక్కో మెట్టూ పైకి చెప్పేవారు. చెప్పకుండా తీయడానికి లేదు. ఆ క్లోరిన్ పంపు ఎబోలా లాంటివాటికే గానీ మన వార్డులకు అక్కర్లేదు. కావలసింది ఎదురుగా నిలబడ్డ ఆ మనిషి. లోకంలో అత్యంత పేద దేశాల్లో, టార్పాలిన్ కింద వాళ్లు నిలబెట్టగలిగిన మనిషిని మన బోధనాసుపత్రులు నిలబెట్టలేవా? ఒహాయో వాళ్లు వాడిన నల్లదీపం పెద్ద యంత్రమేమీ కాదు, దొంగనోట్లు చూడ్డానికి మన బట్టలకొట్లలో గల్లాపెట్టె పక్కన ఉండేది అలాంటిదే. ఏది దేన్ని తాకిందన్న లెక్క కూడా మనకు కొత్త కాదు. మడి పేరుతో తడిబట్టను కర్రతో అందుకున్న ఇళ్లు మనవి, అదే పట్టింపుతో సాటి మనుషుల్ని గుమ్మం బయట నిలబెట్టిన ఊళ్లు మనవి. లేని అంటుకు అంత కాపలా కాసినవాళ్లం, ఉన్న అంటును కనిపెట్టడానికి ఒక మనిషిని పెట్టమంటే బడ్జెట్ గుర్తొస్తుంది.

ఈ చర్చ మొత్తంలో పేరే వినపడని వాళ్లున్నారు. తీసిన కిట్లన్నీ సంచుల్లో పడతాయి. కోవిడ్ కాలంలో కాలుష్య నియంత్రణ మండలి ఏది పసుపు సంచిలో, ఏది ఎరుపు సంచిలో వేయాలో విడదీసి చెప్పింది: మాస్కులు, తలకప్పులు, షూ కవర్లు పసుపులోకి, కళ్లద్దాలు, ఫేస్ షీల్డులు, ప్లాస్టిక్ కవరాల్స్, నైట్రైల్ గ్లౌజులు ఎరుపులోకి. తడిసి ముద్దయి గదిలోంచి బయటపడాలని తొందరపడే మనిషి ఏది ఏ సంచిలో వేసిందో ఆ సంచి ఎత్తే శానిటేషన్ వర్కరుకు తెలియదు. మూతి కట్టని సంచిని ఆమే కట్టాలి, కింద పడ్డ గ్లౌజును ఆమే ఏరాలి. ఆమె ఔట్‌సోర్సింగ్ మనిషి. నేను చూసిన శిక్షణ రిజిస్టర్లలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఎక్కువ చోట్ల ఆమె పేరు లేదు. ఆమెకు జబ్బు చేస్తే మెమో కూడా రాదు, కాంట్రాక్టరు వేరే మనిషిని పంపుతాడు. వ్యక్తి జాగ్రత్త మీద కట్టిన రక్షణ ఎంత గట్టిదో చూడాలంటే ఆమె దగ్గర చూడాలి.

ఏం చేయాలన్నది రహస్యమేమీ కాదు, సగం పైనే వచ్చేసింది. మిగిలింది డ్యూటీ వేళల సంగతి, అన్నిటికంటే తేలికైనదీ ఎవరూ ముట్టుకోనిదీ. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు అయిపోతుంది. రెండింటిదాకా రోగి దగ్గరుండాలి, తర్వాతి షిఫ్టు మనిషికి అప్పజెప్పాలి. అప్పజెప్పాకే తీయడం మొదలు. అంటే ఆ ఇరవై నిమిషాలో అరగంటో ఆమె సొంత సమయం, బస్సు పట్టుకోవాల్సిన సమయం, బిడ్డను బడి నుంచి తెచ్చుకోవాల్సిన సమయం. ఆ సమయంలో నిదానంగా, మెట్టుమెట్టుకూ చేతులు శుభ్రం చేసుకుంటూ తీయమంటున్నాం. రోస్టరు వేసేవాళ్లు ఆ అరగంటను డ్యూటీలో లెక్కేసి, వచ్చే మనిషిని అరగంట ముందు రప్పించి, తీయించే మనిషి పేరు కూడా అదే కాగితంలో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న రోస్టరు మీద సంతకం పెట్టిన అధికారికి, రేపు ఎవరైనా జబ్బు పడితే, నిర్లక్ష్యం అన్న మాట వాడే హక్కు లేదు. మెమో రాయడమే తప్పదనుకుంటే మొదటి ప్రతి ఆయనకే వెళ్లాలి.